పాటలపెట్టె కొనే ముందు చెవులు లెక్కపెట్టండి

మిక్సీ కొనాలంటే నలుగురు ఆడవాళ్ళని అడుగుతాం. కుక్కరు కొనాలంటే దాని రబ్బరు మన ఊళ్ళో దొరుకుతుందా, మూడు లీటర్లది సరిపోతుందా, అయిదు లీటర్లది కావాలా అని వారం రోజులు లెక్కలు వేస్తాం. అదే పాటలు వినే స్పీకర్లో, మ్యూజిక్ సిస్టమో కొనేటప్పుడు మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారంలే" అని పక్కకి తప్పుకుంటాం. వాళ్ళేమో డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలు చూసి, కొట్టువాడు పెట్టిన ధనాధన్ మోత విని, మురిసిపోయి మోసుకొస్తారు. నెల తిరిగేసరికి అది షోకేసులో దుమ్ము కొట్టుకుంటూ వుంటుంది. పండక్కి ఒకసారి, పిల్లాడి పుట్టినరోజుకి ఒకసారి మోగుతుంది. రోజూ పొద్దున్నే వంటింట్లో గంటలకొద్దీ నిలబడే మనకి ఆ పాట గోడ అవతలినుంచి గుయ్యిమని వినిపిస్తుంది, అంతే. అవునా, కాదా?

కిందటి వారం ఫ్రిజ్ శుభ్రం గురించి చెప్పుకున్నాం. ఈ వారం, పండగ ఆఫర్ల కాగితాలు ఇంటింటికీ వచ్చి పడుతున్నాయి కనక, ఈ పాటలపెట్టె సంగతి తేల్చేద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. స్పీకరు కొనాల్సింది డబ్బా మీది అంకెలు చూసి కాదు, ఇంట్లోని చెవులు చూసి. ఎవరి చెవులు, ఏ గదిలో, ఏ వేళ, ఏం వింటాయి - ఈ నాలుగూ తేలితే పది పన్నెండు వేలలోనే ఇల్లంతా హాయిగా వినొచ్చు. తేలకపోతే ముప్పైవేలు పోసినా ఇంట్లో రోజూ సౌండు పెంచమనీ, తగ్గించమనీ గొడవే.

ముందు ఒక కాగితం తీసుకోండి

సరుకుల చీటీ రాసినట్టే ఇది కూడా రాయండి. పొద్దున్న అయిదున్నరకి సుప్రభాతం ఎవరు వింటారు? వంటింట్లో రేడియో పాటలు ఎవరికి కావాలి? మధ్యాహ్నం ప్రవచనం ఎవరికి? సాయంత్రం టీవీ వార్తలు ఎవరికి? పిల్లల కొత్త సినిమా పాటలు ఏ గదిలో? రాత్రి పడుకోబోయే ముందు పాత పాటలు మెల్లగా పెట్టుకునేది ఎవరు? అందరివీ రాసి ఒకసారి చదవండి. చాలా ఇళ్ళల్లో రెండు సంగతులు తేలతాయి. ఒకటి, మనం వినేదాంట్లో ముప్పాతిక వంతు మనిషి గొంతే. పాటైనా, వార్తలైనా, ప్రవచనమైనా, సీరియలైనా అన్నీ మాటే కదా! రెండు, ఎక్కువసేపు వినేది చిన్న శబ్దంలోనే. ఇరవైనాలుగు గంటలూ పెళ్ళి పందిట్లో మైకులాగా ఎవరూ పెట్టుకోరు.

అంటే మనకి కావలసింది గోడలు అదిరిపోయే పెట్టె కాదు, చిన్న శబ్దంలో కూడా మాట విడివిడిగా, తేటగా పలికే పెట్టె. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం ఖర్చు అక్కడే తగ్గిపోతుంది.

అయిదారు చిన్న స్పీకర్లూ, ఒక పెద్ద బూమ్ డబ్బా కలిపి హోమ్ థియేటర్ అని అమ్ముతారు చూశారూ, చిన్న ఇంటికి, చిన్న బడ్జెట్‌కి అది వద్దు. పావుకిలో జీడిపప్పు పది గిన్నెల పాయసంలో వేస్తే ఏ గిన్నెలోనూ రుచి తెలీదు. అదే పదివేలని ఆరు డబ్బాలకి పంచితే ఒక్కొక్కదాంట్లో పడే సరుకు ఎంత? రెండు డబ్బాలకే పెడితే ఎంత? పైగా వెనకవైపు స్పీకర్లకి వైర్లు నడిపించాలి. అవి ఊడ్చేటప్పుడు చీపురుకి చుట్టుకుంటాయి, తుడిచేటప్పుడు తడుస్తాయి.

ఇంకో మాట. 1950, 60 ల నాటి మన సినిమా పాటలన్నీ ఒకే ట్రాకు మీద రికార్డు చేసినవి. మోనో అంటారు దాన్ని. ఎడమ స్పీకర్లో ఒకటి, కుడి స్పీకర్లో ఒకటి అనే తేడా వాటిల్లో వుండదు. మీ ఇంట్లో పాత పాటలూ, వార్తలూ, పురాణమూ తప్ప వేరే వినరనుకోండి, రెండు నాసిరకం స్పీకర్లకంటే ఒక్క మంచి స్పీకరు చాలు. డబ్బంతా దానిమీదే పెట్టండి.

వాట్ల మాయ

ఇప్పుడు డబ్బా మీది అంకెల సంగతి. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీలోకి వెళ్ళినా, చెన్నై రిచీ స్ట్రీటుకి వెళ్ళినా, మీ ఊళ్ళో బజారుకెళ్ళినా, కొన్ని డబ్బాల మీద "5000 వాట్స్" అని కొట్టొచ్చినట్టు రాసి వుంటుంది. కింద చిన్న అక్షరాల్లో పి.ఎమ్.పి.ఓ. అని వుంటుంది. కంటిరెప్ప పాటులో వచ్చి పోయే గరిష్ఠ శక్తిని ఎవరికి తోచినట్టు వాళ్ళు లెక్కగట్టి వేసుకునే అంకె అది. దానికంటూ ఒక ఒప్పుకున్న కొలత లేదు. మనం చూడాల్సింది ఆర్.ఎమ్.ఎస్. అని రాసిన అంకె. అది ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి.

మనకి తెలిసిన లెక్కతోనే దీన్ని పట్టుకోవచ్చు. మన మిక్సీ 500 నుంచి 750 వాట్లది. ఇంట్లో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1380. అంతకంటే ఎక్కువ ఆ ప్లగ్గునుంచి తీసుకోకూడదు. మరి 5000 వాట్ల మోత ఎక్కణ్ణించి వస్తుందండీ? అడాప్టరుతో నడిచే చిన్న స్పీకర్లయితే అడాప్టరు తిప్పి చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని వుంటే 24 వాట్లు. దానిమీద నడిచే స్పీకరు ఆగకుండా 100 వాట్లు ఇవ్వలేదు. ఇంత చిన్న గుణకారం కొట్టువాడి ముందు నోటితో చేసి చూపించండి, బేరం కూడా తేలికవుతుంది. అడాప్టరు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ నంబరు వుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

పైగా వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపవుతుందనుకుంటారు చాలామంది. కాదు. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి "కొంచెం పెరిగిందిలే" అనిపిస్తుంది. రెండింతలు అయిందనిపించాలంటే వాట్లు సుమారు పదిరెట్లు కావాలి. అందుకని 20 వాట్ల సెట్టుకీ, 40 వాట్ల సెట్టుకీ రెండువేలు తేడా వుంటే, ఆ రెండువేలూ ఇంకో మంచి స్పీకరుకి పెట్టుకోవడం మేలు.

విడి స్పీకర్లు కొనేవాళ్ళు ఇంకో అంకె కూడా చూడాలి. దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్తుంది అది. 88 డెసిబెల్స్ అని వున్న స్పీకరు, 85 అని వున్నదానికంటే సగం శక్తితోనే అంత శబ్దమూ ఇస్తుంది. మన పది బై పన్నెండు గదిలో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లే ఖర్చవుతాయంటే నమ్మండి.

డబ్బు ఎలా పంచుకోవాలి?

మొత్తం పన్నెండు వేలు అనుకుందాం. నేనైతే ఇలా పంచుతాను. హాల్లోకి, లోపలే యాంప్లిఫయర్ వున్న జత స్పీకర్లకి 8,000. వంటింటికో, పెద్దవాళ్ళ మంచం పక్కకో ఒక చిన్న బ్లూటూత్ స్పీకరుకి 2,500. వైర్లూ వగైరాలకి 700. మిగిలిన 800 మంచి ఐ.ఎస్.ఐ. మార్కు ఎక్స్‌టెన్షన్ బోర్డుకీ, కిటికీకి ఒక మందపాటి కర్టెనుకీ. కర్టెను ఎందుకో తరవాత చెప్తాను.

అంత లేదూ, మూడువేలే వుందంటారా? అప్పుడు హాలు మాట మరిచిపోయి, ఒక్క మంచి బ్లూటూత్ స్పీకరు కొనండి. వంటింట్లో పెట్టేదైతే ఐ.పి.ఎక్స్.5 అనో, ఐ.పి.ఎక్స్.7 అనో రాసి వుందా చూడండి. మొదటిది నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుంది, రెండోది మీటరు లోతు నీళ్ళలో అరగంట వున్నా తట్టుకుంటుంది. అలా అని పొయ్యికి పైన పెట్టకండి. ఆవిరి, నూనెజిడ్డు, వేడి మూడూ కలిసి దాన్ని తినేస్తాయి.

ఆ మాత్రం కూడా ఇప్పుడు కుదరకపోతే, సెల్‌ఫోనుని ఖాళీ కుండలోనో, లోతు గిన్నెలోనో నిలబెట్టి చూడండి. పాట కాస్త నిండుగా వినిపిస్తుంది. పైసా ఖర్చు లేదు.

అటకమీది పాత సెట్టుని అమ్మేయకండి

1990 ల్లోనూ, 2000 తరవాతా కొన్న క్యాసెట్, సీడీ సెట్లు చాలా ఇళ్ళల్లో అటకమీద వున్నాయి. క్యాసెట్ తిరగడం లేదనీ, సీడీ చదవడం లేదనీ పైన పడేశాం. పాడైంది తిరిగే భాగమే. లోపలి యాంప్లిఫయరూ, స్పీకర్లూ చాలావాటిల్లో బాగానే వుంటాయి. వెనకవైపు ఆక్స్ అనో, లైన్ ఇన్ అనో రాసిన ఎర్ర, తెల్ల రంధ్రాలు వున్నాయేమో చూడండి. వుంటే సెల్‌ఫోను నుంచి అక్కడికి ఒక వైరు చాలు. మీ ఫోనుకి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే చిన్న బ్లూటూత్ రిసీవర్ పెట్టుకోవచ్చు. అంతే, పాత సెట్టు కొత్త సెట్టయిపోతుంది.

సెట్టు పూర్తిగా చచ్చిపోయినా దాని స్పీకర్లు బతికే వుండొచ్చు. అది తెలుసుకోవడానికి ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ చాలు. సెట్టునుంచి స్పీకరు వైర్లు రెండూ ఊడదీసి, సెల్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయండి. 'టప్' మని చప్పుడై లోపలి కాగితం కదిలితే ఆ స్పీకరు బతికే వుంది. అంచు చుట్టూ వుండే నురుగుపట్టీ పొడిపొడిగా రాలిపోతుంటే పాత రేడియోలు బాగుచేసేవాళ్ళు కొత్తది వేసిస్తారు. ఆ స్పీకర్లకి చిన్న యాంప్లిఫయర్ కొనుక్కుంటే సరి, దానికి మూడువేలు దాటనివ్వకండి. స్పీకరు వెనక 4 ఓమ్స్, 6 ఓమ్స్, 8 ఓమ్స్ అని ఏది రాసి వుందో చూసి, యాంప్లిఫయర్ దానికి సరిపడుతుందో లేదో అడిగి తీసుకోండి. ఒక హెచ్చరిక. పాత సెట్టు మూత మాత్రం మీరు తెరవద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ వుంటుంది. అది మెకానిక్ పని.

ఆ సెట్టులో క్యాసెట్ ఇంకా తిరుగుతుంటే మాత్రం ముందు చేయాల్సిన పని వేరే వుంది. ఎన్నో ఇళ్ళల్లో అమ్మమ్మ పాడిన మంగళహారతో, తాతగారి గొంతో, బుజ్జిగాడి మొదటి మాటలో ఒక క్యాసెట్‌లో మిగిలి వుంటాయి. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి, అవి మళ్ళీ దొరకవు. క్యాసెట్ పైఅంచున వుండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేయండి, ఇక దానిమీద పొరపాటున కూడా వేరేది రికార్డు కాదు. టేపు తగిలే హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరనిచ్చి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు వేసి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. పిల్లలకి చెప్తే గంటలో చేసిపెడతారు. ఆ తరవాత ఆ గొంతు ఎన్ని ఫోన్లు మారినా మీతోనే వుంటుంది.

కొట్లో ఎలా వినాలి?

కొట్టువాడు పెట్టిన పాట వినకండి. బాగా మోగే పాటే అతను పెడతాడు. మీ ఫోనులో మీకు కంఠతా వచ్చిన పాటలు రెండు, ఒక వార్తల రికార్డింగో ప్రవచనమో, వీణో తబలానో వున్నది ఒకటి వేసుకెళ్ళండి. బాస్ బూస్ట్ లాంటివి వుంటే ఆపమనండి. ముఖ్యంగా, రెండు సెట్లు పోల్చేటప్పుడు రెండూ ఒకే శబ్దంలో వినిపించమనండి. ఒకటి కాస్త గట్టిగా మోగిస్తే చాలు, అదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. బేరాల్లో ఇదొక కిటుకు.

వినేటప్పుడు వరసగా ఇవి గమనించండి.

1. బాగా తగ్గించి పెట్టినా పాటలో మాటలన్నీ తెలుస్తున్నాయా?
2. స, ష, శ పలికేటప్పుడు పాములాగా బుస్సుమంటోందా?
3. ఆడగొంతు సన్నగా కీచుమంటోందా, మగగొంతు డ్రమ్ములోంచి వచ్చినట్టుందా?
4. తబలా దెబ్బ దెబ్బగా వినిపిస్తోందా, అన్నీ కలిసి ఒకే గుమగుమగా వుందా?
5. ముప్పాతిక వరకు పెంచినప్పుడు డబ్బా గరగరమంటోందా?

ఇవన్నీ పాసైతే రంగు సంగతీ, మెరిసే లైట్ల సంగతీ తరవాత చూసుకోవచ్చు. లైట్లు చెవికి వినపడవు కదూ! ఇంటర్నెట్‌లో తెప్పించుకునేవాళ్ళు వాపసు గడువు ఎన్నిరోజులో చూసుకుని, ఆ లోపలే ఇంట్లో ఇవన్నీ విని చూడండి. గడువు దాటేవరకు అట్టపెట్టె పారేయకండి. కొట్లో కొన్నా, ఎక్కడ కొన్నా బిల్లు మాత్రం తీసుకోండి.

చోటు మారిస్తే సెట్టు మారినట్టే

కొన్న తరవాత దాన్ని తీసుకెళ్ళి షోకేసు పై అరలో, ఇత్తడి బొమ్మల మధ్య పెడతాం. అక్కడే సగం డబ్బు వృథా. స్పీకర్లోని చిన్న గుండ్రటి భాగం, అదే సన్నటి స్వరాలు పలికేది, కూర్చున్నప్పుడు మన చెవి ఎత్తులో వుండాలి. సోఫాలో కూర్చుని వినేవాళ్ళకి ఒక ఎత్తు, చాపమీద కూర్చునేవాళ్ళకి ఒక ఎత్తు. రెండు స్పీకర్లకీ మధ్య ఎంత దూరమో, వాటినుంచి మనకీ అంతే దూరం వుండాలి. ముగ్గురు ఆడవాళ్ళు ముక్కోణంగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టు అనుకోండి.

అద్దాల తలుపుల షోకేసులోనూ, గది మూలలోనూ పెడితే బాస్ ఎక్కువై మాట మునిగిపోతుంది. వెనక గోడనుంచి ఒక అడుగు ముందుకి జరపండి. తేడా మీకే తెలుస్తుంది. స్పీకరు కింద పాత హవాయి చెప్పు ముక్కలు నాలుగు కోసి పెడితే బల్ల అదరడం తగ్గుతుంది. పాట పెట్టినప్పుడు ఎక్కడో గిలగిలమంటుంటే స్పీకరుని తిట్టకండి. స్టీలు గ్లాసుల స్టాండో, గోడమీది ఫోటో అద్దమో అయివుంటుంది, చూడండి.

ఇప్పుడు కర్టెను సంగతి. గదిలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. టంగుమని తిరిగి వినిపిస్తే ఆ గదిలో ఎంత ఖరీదు సెట్టు పెట్టినా మాట చెదిరిపోతుంది. నున్నటి టైల్స్ నేల, బోసి గోడలు, శ్లాబు - అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. కిటికీకి మందపాటి కర్టెను, నేలమీద బొంతో జంపఖానానో, దీవాన్ మీద పరుపు, దిండ్లు వుంటే ఆ గందరగోళం తగ్గుతుంది. గుడ్ల అట్టలు గోడకి అంటిస్తే మంచిదని కొందరు చెప్తారు. వాటివల్ల పెద్ద లాభం లేకపోగా నిప్పు అంటుకుంటే ప్రమాదం.

వైర్లకి వేలకి వేలు పోయక్కర్లేదు. పది పదిహేను అడుగుల దూరానికి మామూలు రాగివైరు, ఒక చదరపు మిల్లీమీటరుది చాలు. ఎరుపు ఎరుపులోకి, నలుపు నలుపులోకి వెళ్ళిందో లేదో మాత్రం రెండు స్పీకర్లకీ చూడండి. ఒకదానికి తిరగబడితే గొంతు గది మధ్యలో నిలవదు, బాస్ మాయమైపోతుంది. సెట్టు బాగాలేదని వాపసు చేసేముందు ఇది ఒకసారి చూడండి. టీవీకీ, సెట్టుకీ వైరు కలిపాక 'హుమ్' అని సన్నటి మోత వస్తుంటే రెండింటి ప్లగ్గులూ ఒకే బోర్డుకి పెట్టి చూడండి, చాలాసార్లు పోతుంది. ఉరుములు మెరుపులు వస్తున్నప్పుడు ప్లగ్గు తీసేయడం మరిచిపోవద్దు.

పెద్దవాళ్ళ చెవుల మాట

అన్నిటికంటే ముఖ్యం ఇదే, అందుకే చివరకి వుంచాను. మా మామగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. టీవీ సౌండు 60 మీద పెడితే తప్ప వినపడదనేవారు. పెడితే పిల్లల చదువు సాగేది కాదు, నాకు తలనొప్పి. తగ్గిస్తే ఆయన ఏమీ అనేవారు కాదు, లేచి వరండాలోకి వెళ్ళి కూర్చునేవారు. గొడవ పడినా బాగుండేది, ఆ మౌనమే బాధగా వుండేది.

వయసు మీద పడ్డాక చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి స్వరాలని. అచ్చులు వినపడతాయి, త, క, స, ష లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్ళు "వినపడుతోంది గాని ఏమంటున్నాడో తెలీడం లేదమ్మా" అంటారు. అది మొండితనం కాదు. దానికి తోడు ఇప్పటి పల్చటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి వుంటాయి. మాట గోడకి తగిలి మనదాకా వస్తుంది. సౌండు పెంచితే మోత పెరుగుతుంది గాని, మాట తేటపడదు.

మేం చేసింది చిన్న పని. టీవీకి వైరుతో ఒక చిన్న స్పీకరు కలిపి, ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద, చెవికి మూరెడు దూరంలో పెట్టాం. బాస్ తగ్గించి ట్రెబుల్ కాస్త పెంచాం. టీవీ 18 మీద వుంది, ఆయనకి వార్తలన్నీ తెలుస్తున్నాయి. ఇప్పుడు ఎన్నికల మీద నాతోనే వాదిస్తున్నారు! మీరు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. బ్లూటూత్‌లో మాట కాస్త ఆలస్యంగా వచ్చి పెదవులకి కుదరకపోవచ్చు, టీవీకి వైరే నయం. ఆప్టికల్ వైరో, ఎచ్.డి.ఎం.ఐ. ఏ.ఆర్.సి. వైరో వేశాక శబ్దం రాకపోతే, టీవీ సెట్టింగుల్లో సౌండు భాగంలో పి.సి.ఎం. అని పెట్టి చూడండి.

కాని ఒక మాట. స్పీకరు వైద్యం కాదు. ముందు చెవి డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. గులివి గడ్డకట్టినా వినపడదు, అది పది నిమిషాల పని. మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో, మనం సరిదిద్దుకోగలిగిన వాటిల్లో, వినికిడి తగ్గడం ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024 నివేదికలో కూడా చెప్పింది. వినపడని మనిషి మెల్లగా మాట తగ్గించేస్తాడు. మాట తగ్గిన మనిషి ఇంట్లో వుండీ లేనట్టే అయిపోతాడు. టీవీ సౌండు తగ్గించమని విసుక్కునే ముందు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోండి.

పిల్లల చెవులు అటుకొస. పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ వరకు, పిల్లలయితే 75 వరకు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. చెవిలో పెట్టుకునే వాటికి ఫోను సౌండు నూటికి 60 దాటనివ్వద్దంటారు. అందరూ కలిసి వినే స్పీకరు ఇంట్లో వుంటే వాళ్ళు చెవుల్లో దోపుకు తిరగడం కూడా కొంత తగ్గుతుంది. పొరుగువాళ్ళ చెవులూ మనవే అనుకోండి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు. మన సుప్రభాతం మన దేవుడికి వినపడితే చాలు, వీధి చివరి దేవుడిదాకా అక్కర్లేదు.

సరే, చీటీ రాసుకున్నారా? బజారుకి వెళ్ళేటప్పుడు మీరు కూడా వెళ్ళండి. వీలైతే అత్తగారినో మామగారినో కూడా తీసుకెళ్ళండి, వినేది వాళ్ళు కూడా కదా. కొట్టువాడు "మేడమ్, ఇది 5000 వాట్స్" అనగానే "ఆర్.ఎమ్.ఎస్. ఎంత బాబూ?" అని ఒక్క ప్రశ్న వేయండి. అతను కుర్చీ చూపించి, వేరే డబ్బా తీస్తాడు.

వచ్చేవారం వర్షాకాలంలో బియ్యం, పప్పులకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చూద్దాం.